గులాబ్ బీని అడగని నాలుగు ప్రశ్నలు

ఇల్లందులో మా బస్తీ ఆడవాళ్ల చేతులన్నీ గులాబ్ బీకి తెలుసు. ఎవరికి ఏ సైజు గాజు పడుతుందో, ఎవరి బొటనవేలి కింద ఎముక అడ్డం వస్తుందో, ఎవరు నొప్పికి ఏడుస్తారో, ఎవరు ఓర్చుకుని నవ్వుతారో ఆమెనే అడగాలి. ముప్పై ఏళ్లకు పైగా మట్టిగాజులు తొడిగింది. ఇంట్లో ముందుగదే దుకాణం. గోడ నిండా మేకులు, మేకులకు తాళ్లు, తాళ్లకు గాజులు. మధ్యాహ్నం బొగ్గు ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ జరిగితే ఆ గోడంతా గలగలమనేది. కొత్తవాళ్లు ఉలిక్కిపడితే, "ఏం కాలే, గాజులు మీకు సలాం కొడ్తున్నయి" అని నవ్వేది.

ఆ బస్తీకి నేను ఆశా కార్యకర్తను. పేరు నాగలత. పద్నాలుగేళ్లుగా ఇదే పని. నోరు పెద్దదని అంటారు, ఉన్నమాటే. గులాబ్ బీని నేను అత్తా అనేదాన్ని, ఆమె నన్ను కోడలా అని పిలిచేది. ఆమె భర్త షుకూర్ మామ ఇంటి అరుగు మీదే కుక్కర్లు, గ్యాస్ పొయ్యిలు బాగుచేస్తాడు. ఒక్కతే కూతురు మెహర్, పెళ్లయి నేలకొండపల్లిలో ఉంటుంది.

ఇదంతా గులాబ్ బీ ఎంత మంచిదో చెప్పడానికి రాయడం లేదు. మంచివాళ్లు రోజూ పోతూనే ఉంటారు. ఆమెను మేం ఎట్లా పోగొట్టుకున్నామో చెప్పడానికి రాస్తున్నాను. మేం అంటే అందులో నేనూ ఉన్నాను, ముందు వరసలోనే ఉన్నాను.

గాజులు తొడిగించుకునేటప్పుడు చెయ్యి ఎదుటి మనిషి చేతిలో ఉంటుంది. సబ్బునీళ్లు రాసి, వేళ్లు దగ్గరికి నొక్కి, ఒక్కొక్క గాజే ఎక్కించేసరికి పావుగంట పడుతుంది. ఆ పావుగంటలో ఆడవాళ్లు మొగుడికి చెప్పనివి, తల్లికి కూడా చెప్పనివి ఆమెకు చెప్పేవారు. నేను ఇంటింటికీ తిరిగి అడిగితే "ఏం లేదు, మంచిగనే ఉన్నం" అని తలుపు వేసుకున్న మనుషులే, అక్కడ కూర్చుని తెల్లబట్ట అవుతోందని, నడుము పీకేస్తోందని చెప్పుకునేవారు. పొద్దుగూకాక గులాబ్ బీ నన్ను పిలిచి చెవిలో వేసేది. జీతం లేని ఆశా అని నేను ఆమెను ఏడిపించేదాన్ని. "నీకున్న జీతం సంగతి కూడా నాకెర్కే తియ్" అని తిప్పికొట్టేది.

సక్రి సంగతి అట్లాగే తెలిసింది. సక్రి తండా నుంచి గాజులకు వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్లుంటాయి. ఆ సాయంత్రం గులాబ్ బీ నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది.

"కోడలా, తండా సక్రిని నువ్వు దవాఖానాకు తోల్కపోవాలె. మొగనితోని పండుకున్న తెల్లారి బట్టకు నెత్తురు అంటుతుందంట. మూడు నెలలాయె గిట్ల. నాకు మంచిగ అనిపిస్తలేదు."

తీసుకుపోయాను. వెనిగర్ లాంటి నీళ్లు పూసి చూస్తే గర్భసంచి మూతి దగ్గర తెల్లమచ్చ తేలింది. ముక్క తీసి పరీక్షకు పంపారు. ఇంకా క్యాన్సర్ కాలేదు, ఇట్లాగే వదిలేస్తే అవుతుంది అన్నారు. మచ్చను కాల్చేసి అదేరోజు ఇంటికి పంపారు. సక్రి ఇవాళ్టికీ పత్తి ఏరుతోంది, మిర్చి తెంపుతోంది, మొగుడితో పోట్లాడుతోంది. ఆమె తిరిగొచ్చినరోజు గులాబ్ బీ రెండు చేతులకూ ఎర్రగాజులు తొడిగి పంపింది. పరాయి ఆడదాని బట్ట మీద మరక వింటేనే అనుమానపడ్డ మనిషి తన బట్ట మీద మరకను పదకొండు నెలలు ఉతుక్కుంటూ కూర్చుంది. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఇదే.

ఇక నా ఘనకార్యం చెబుతాను. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ మేం ఒక కాగితం నింపాలి. బీపీ ఉందా, షుగర్ ఉందా, పొగాకు తింటారా అని మొదలవుతుంది. ఆడవాళ్ల భాగంలో చివర నాలుగు ప్రశ్నలుంటాయి. నెలసరికీ నెలసరికీ మధ్యలో నెత్తురు కనిపిస్తోందా? ముట్లు ఆగిపోయాక మళ్లీ కనిపించిందా? భర్తతో కలిసిన తర్వాత కనిపిస్తోందా? దుర్వాసనతో తెల్లబట్ట అవుతోందా? నాలుగూ అడగడానికి నిమిషం పట్టదు.

దసరాకు ముందు గులాబ్ బీ ఇంటికి వెళ్లాను. షుకూర్ మామ అరుగు మీద కుక్కర్ మూతకు రబ్బరు వేస్తున్నాడు. ఇద్దరు మగవాళ్లు తమ పొయ్యిల కోసం నిలబడి ఉన్నారు. గులాబ్ బీ గడపలో కూర్చుంది. బీపీ, షుగర్ దర్జాగా అడిగాను. ఆ నాలుగు ప్రశ్నల దగ్గరికి వచ్చేసరికి షుకూర్ మామ తెల్లగడ్డం కంట్లో పడింది. ముప్పై ఏళ్లు నన్ను బిడ్డా అని పిలిచిన మనిషి ముందు, భర్తతో కలిసిన తర్వాత నెత్తురు అనే మాట ఎట్లా అనను?

"ఇంకేం తక్లీఫు లేదు గదా అత్తా?"

"ఏముంటది కోడలా, గుర్రం లెక్క ఉన్న."

నాలుగు గళ్లలో నాలుగు "లేదు"లు రాశాను. పక్కింటికి పోయాను. అక్కడా అంతే. మగవాళ్లుంటే మగవాళ్లున్నారని అడగలేదు, మగవాళ్లు లేకపోతే అత్తగార్లు ఉన్నారని అడగలేదు. బస్తీ మొత్తం మీద ఒక్క ఆడదానికి ఒక్క లక్షణం లేదని రాసి, అందరికంటే ముందు కాగితాలు ఇచ్చినందుకు మీటింగులో చప్పట్లు కొట్టించుకున్నాను.

ఆ రోజుకే గులాబ్ బీకి మరక కనిపించి రెండు నెలలు దాటింది. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆమె తర్వాత హైదరాబాద్ ఆస్పత్రి మంచం మీద నాకు చెప్పింది.

ఆమెకు యాభయ్యో ఏట ముట్లు ఆగిపోయాయి. దానికి ఆమె లోలోపల సంబరపడింది. నెల నెలా నమాజు ఆగడం, రంజాన్‌లో నాలుగైదు రోజాలు తప్పి తర్వాత ఒంటరిగా తీర్చుకోవడం ఆమెకు ఎప్పుడూ బాధే. ఆగిపోయాక ఆరేళ్లు ఒక్క పూట తప్పలేదు. ముప్పై రోజాలకు ముప్పై ఉంది. "మొగోళ్లకు ఏం తక్కువ కోడలా నేను" అని నాతో గొప్పలు చెప్పుకునేది. అట్లాంటి మనిషికి పీర్ల పండుగ తర్వాత ఒక పొద్దున బట్ట మీద మరక కనిపించింది. ఆమెకు మొదట గుర్తొచ్చింది గర్భసంచి కాదు, నమాజు.

మళ్లీ ముట్లు మొదలయ్యాయనుకుని నమాజు చేసే జానిమాజ్ మడిచి పెట్టింది. రెండు రోజులు కనిపించి ఆగింది. స్నానం చేసి మొదలుపెట్టింది. పది రోజులకు మళ్లీ. ఈసారి ఒక్క రోజు. ఎప్పుడు ఆపాలో ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియక నెలల తరబడి తికమక పడింది. రంజాన్ దగ్గరికొస్తుంటే దిగులు పట్టుకుంది. నన్ను అడగాలనే ఆలోచనే రాలేదట. ఎందుకొస్తుంది? ఆమె లెక్కలో నేను దవాఖానా మనిషిని, ఇది దవాఖానా సంగతి కాదు. మసీదు వెనక సందులో ఆడపిల్లలకు ఖురాన్ చదువు చెప్పే ఖైరున్నీసా ఆపా దగ్గరికి పోయింది.

ఆపా చదువుకున్న మనిషి. తొందరపడి మాట అనదు. ఎన్ని రోజులు, ఎంత రంగు, మధ్యలో ఎన్ని రోజుల ఎడం, అన్నీ అడిగింది. నేను అడగని ప్రశ్నలన్నీ ఆమె అడిగింది. పుస్తకం తీసి చూసి చెప్పింది. ఇది నెలసరి కాదు, బీమారీ నెత్తురు, అంటే జబ్బు వల్ల వచ్చేది. దీనికి నమాజు ఆపొద్దు. ప్రతి నమాజుకూ కొత్తగా కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకో, శుభ్రమైన బట్ట పెట్టుకో. రోజాలు కూడా ఉండొచ్చు.

గులాబ్ బీ ఆ సందులోంచి చిన్నపిల్లలాగా ఇంటికొచ్చిందట. దారిలో ఖర్జూరాలు కొనుక్కొచ్చిందట. ఆ రంజాన్‌కు ముప్పై రోజాలూ ఉంది. ఒళ్లు తూలితే ఉపవాసం వల్ల అనుకుంది. నడుము నొప్పి పుడితే రాత్రి నమాజులో ఎక్కువసేపు నిలబడ్డందుకు అనుకుంది. పండుగకు కొత్త జాకెట్టు వదులైతే నేనే అన్నాను, "అత్తా, రంజాన్ నీకు మంచిగ పడ్డది, సన్నబడ్డవ్" అని.

పండుగ పోయాక ఆమె దగ్గర అత్తరు వాసన రావడం మొదలైంది. మామూలు వాసన కాదు, అరుగు మీదికి రాగానే తెలిసేది. నేను ఊరుకుంటానా? "ఏందత్తా, మామకు మళ్ల పెండ్లి చేస్తున్నవా, గింత సెంటు కొట్టినవ్?" అని అందరిముందూ ఆటపట్టించాను. గాజులకు వచ్చిన ఆడవాళ్లంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. "కుక్కర్ల వాసన పడ్తలేదు కోడలా" అంది. లోపల నుంచి వచ్చే దుర్వాసనకు అత్తరు పూసుకుంటోందని నా ముక్కుకు తెలియలేదు, నా బుర్రకు తట్టలేదు. నాలుగో ప్రశ్న అదే.

జ్యేష్ఠంలో భారతమ్మగారి కోడలికి శ్రీమంతం చేశారు. భారతమ్మగారిది కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్న కుటుంబం. వాళ్లింట్లో ఏ శుభకార్యానికైనా గాజులు గులాబ్ బీ చేతితోనే తొడిగించేవారు. నన్ను కూడా పిలిచారు. కొత్త చాప పరిచి గులాబ్ బీని కూర్చోబెట్టారు. గంటకు పైగా కూర్చుని కడుపుతో ఉన్న పిల్లకు, పేరంటాళ్లకు గాజులు తొడిగింది. అయిపోయాక లేచి నిలబడింది. చాప మీద చేటంత మేర నెత్తురు ఉంది.

పేరంటాళ్లు కొంగులు సర్దుకుని వెనక్కి జరిగారు. "ఏంటి గులాబ్ బీ ఇది! ఈ వయసులో ఇంకా ముట్టేంటి? చూసుకుని రావద్దా శుభకార్యానికి?" అని భారతమ్మగారు అరిచారు. చాపను పెరట్లో పారేయించారు. ఆ తర్వాత కోడలికి తొడిగిన గాజులు ఉంచాలా తీసేయాలా అని పెద్దవాళ్లు వాదనకు దిగారు. నాకు ఇప్పుడు అనిపిస్తుంది, ఆ ఇంట్లో అడగాల్సిన ప్రశ్న అడిగింది భారతమ్మగారొక్కరే. ఈ వయసులో ఇంకా ముట్టేంటి? కాకపోతే ఆమె అసహ్యంతో అడిగారు, జవాబు కోసం ఆగలేదు.

నేను గులాబ్ బీని బాత్రూంలోకి తీసుకుపోయాను. ఆమె మామూలుగానే ఉంది.

"అత్తా, నీకు ముట్లు ఆగి ఎన్నేండ్లయింది?"

"ఆరేండ్లు దాటింది."

"మరి ఇదేంది?"

"గిది గది కాదు కోడలా. గిది బీమారీ నెత్తురు. నమాజుకు అడ్డం లేదంట, ఆపా చెప్పింది."

అంత నెమ్మదిగా చెప్పింది. పాప భయపడుతుంటే తల్లి ఊరడించినట్టు చెప్పింది. మర్నాడు మొదటి బస్సుకే ఆమెను దవాఖానాకు తీసుకుపోయాను.

ఖమ్మంలో చూసిన డాక్టరమ్మ చెయ్యి పెట్టి పరీక్ష చేసి బయటికొచ్చింది. ఎన్నాళ్ల నుంచి అని అడిగితే గులాబ్ బీ పీర్ల పండుగ కాన్నుంచి అని చెప్పింది. డాక్టరమ్మ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టి నా వైపు తిరిగింది. నా గులాబీ రంగు చీర చూసి ఆశానని ఆమెకు తెలిసిపోయింది.

"ముట్లాగిపోయిన మనిషికి ఒక్క చుక్క కనపడ్డా తెల్లారే తీసుకురావాలని మీకు ట్రైనింగ్‌లో చెప్పలేదా?"

చెప్పారు. మూడుసార్లు చెప్పారు. భోజనం కూడా పెట్టారు.

గర్భసంచి మూతి దాటి పక్కలకు పాకిందని, ఒక కిడ్నీ దారి కూడా మూసుకుపోయిందని స్కానింగ్‌లో తేలింది. హైదరాబాద్‌లో రేడియేషన్ కరెంటు పెట్టారు, మందులెక్కించారు. మెహర్ అక్కడే ఉండి చూసుకుంది. నేను వీలైనప్పుడల్లా పోయేదాన్ని. గాజులు ముందే తీసేయించారు. ముప్పై ఏళ్లు గాజులున్న చోట మణికట్టు మీద తెల్లని గీతలు మిగిలాయి. ఒకసారి కోపం ఆపుకోలేక అడిగేశాను.

"సక్రిని చూసి నాకు చెప్పినవ్ గదత్తా. నీది ఎందుకు చెప్పలే?"

"సక్రికి నెత్తురు వస్తే బీమారీ అనుకున్న. నాకు వస్తే నాపాక్ అయిన, మైల పడ్డ అనుకున్న కోడలా. ఆపా నమాజ్ చేస్కోమన్నది. నమాజ్ చేస్కోమన్నదంటే మంచిగున్నట్టే గదా అనుకున్న." మణికట్టు మీది గీతలు తడుముకుంటూ, "బీమారీ అన్న మాట విన్న. నమాజ్ అన్న మాటే ఇంటికి తెచ్చుకున్న" అంది.

వరండాలో షుకూర్ మామ ఉన్నాడు. నేను దాచుకోలేకపోయాను. దసరా ముందు కాగితం సంగతి, ఆ నాలుగు ప్రశ్నలు, ఆయన అరుగు మీద ఉన్నాడని నేను అడగకపోవడం, అన్నీ చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"నన్ను లెవ్వమంటే లేస్తుంటి గదా బిడ్డా" అన్నాడు. "ఛాయ్ తాగొస్తుంటి."

గులాబ్ బీ చలికాలం మొదట్లో ఇంటికొచ్చి, పదహారో రోజు పోయింది. కాళ్లు వాచి లేవలేని రోజుల్లో కూడా పడుకునే నమాజు చేసింది. మధ్యాహ్నం బ్లాస్టింగ్‌కు గోడ మీద గాజులు మోగితే మెహర్ వాటన్నిటినీ దింపి గోనెసంచిలో కట్టేసింది.

నలభయ్యో రోజు దాటాక నేను ఖైరున్నీసా ఆపా ఇంటికి పోయాను. కొట్లాడ్డానికే పోయాను, అబద్ధమెందుకు. ముందుగదిలో ఆడపిల్లలు ఊగుతూ చదువుకుంటున్నారు. ఆపా లోపలికి పిలిచింది. నేను కూర్చోలేదు.

"నీ దగ్గరికొచ్చి అడిగింది గదా ఆపా. నెత్తురు అని చెప్పింది గదా. నమాజ్ చేస్కో అని పంపినవ్. దవాఖానాకు పో అని ఒక్క మాట నోట్లకెళ్లి రాలేదా?"

ఆపా ముఖం పాలిపోయింది. కానీ కళ్లు దించలేదు.

"రాలేదు. ఆమె నమాజ్ సంగతి అడిగింది, నేను నమాజ్ సంగతి చెప్పిన. గుండె మీద ఆ బరువు నాకున్నది, పోయేదాక ఉంటది. కాని బీమారీ నెత్తురు అని చెప్పింది నేనే లతమ్మా. పుస్తకంల ఉన్నది ఉన్నట్టు చెప్పిన. నీ కాగితంల ఏం రాసినవ్?"

పెద్ద నోరు ఉన్నందుకు జీవితంలో మొదటిసారి సిగ్గుపడ్డాను. సంచి సర్దుకుని గుమ్మం దాకా వచ్చాను.

"ఆగు" అంది ఆపా. "నా కాగితం కూడా నువ్వే నింపినవ్. గేటు బయట నిలబడి, బీపీ ఉన్నదా షుగర్ ఉన్నదా అని అడిగి పోయినవ్. ఆ నాలుగు నన్ను కూడా అడగలే."

ముందుగదిలోకి పోయి పిల్లలందరినీ వాకిట్లోకి పంపించి తలుపు వేసింది. వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "ఇప్పుడు అడుగు" అంది.

సంచిలోంచి కాగితం తీశాను. ఆపాకు యాభై మూడేళ్లు. మొదటి ప్రశ్న ఆమెకు వర్తించదు. రెండోది గట్టిగా చదివాను. ముట్లు ఆగిపోయాక మళ్లీ ఎప్పుడైనా నెత్తురు కనిపించిందా?

ఆపా తల మీది దుపట్టా సరిచేసుకుంది. వాకిట్లో పిల్లల గొంతులు వినిపిస్తున్నాయి.

"పోయిన నెల. రెండుసార్లు. కొంచెమే" అంది. "నేను కూడా వజూ చేస్కొని నమాజ్ చేస్కున్న."

గులాబ్ బీ చనిపోయింది అంతకు ముందు నెలలోనే. నాకు ఒళ్లు మండిపోయింది, ఏడుపు కూడా వచ్చింది. రెండూ మింగి, గడిలో "ఉంది" అని రాశాను. మా బస్తీ కాగితాల్లో ఆ గడిలో ఆ మాట రాయడం అదే మొదలు.

"రేపు ఏడు గంటల ఖమ్మం బస్సుకు రెడీగుండు ఆపా. నేను వచ్చి తోల్కపోత."

"రేపు జుమ్మా" అంది ఆమె.

"జుమ్మా నాడు కూడా దవాఖానా ఉంటది ఆపా" అన్నాను.